గడప దగ్గరి బుజుర్గ్

మా ఇంట్లో ఫజర్‌కి అందరికన్నా ముందు లేచేది అమ్మీ. ఆమె తర్వాత బాద్‌షా. వజూ కోసం అమ్మీ కొళాయి తిప్పిన చప్పుడు వినగానే బయట పోర్టికోలో గోనె సంచుల మీద పడుకున్న ఆ ముసలి కుక్క తల ఎత్తేది. ముందరి కాళ్ళు రెండూ చాపి, నడుం లేపబోయి, కూలబడి, రెండోసారికి నిలబడేది. లోపల అమ్మీ కూడా అంతే. మంచం పట్టె పట్టుకుని, 'యా అల్లాహ్' అనుకుంటూ, రెండోసారికి లేచేది. ఇద్దరికీ మోకాళ్ళే. ఒకరు గడపకి ఇవతల, ఒకరు అవతల. ఇరవై ఒక్క నెలలు ఇలాగే గడిచాయి.

ముస్లిం ఇంట్లో కుక్కా అని మీలో కొందరు నొసలు చిట్లిస్తారని నాకు తెలుసు. నేనూ అలా చిట్లించినదాన్నే. కాబట్టి మొదటి నుంచి చెప్తాను.

బాద్‌షా అనే పేరు నేను పెట్టింది కాదు. మెడ బెల్టుకి వేలాడే రేకు మీద చెక్కి ఉంది. మా వీధి చివరి అపార్ట్‌మెంటులో కిరాయికి ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ జంట పెంచిన లాబ్రడార్ వాడు. వాళ్ళకి అమెరికా పని పడింది. తెలిసినవాళ్ళు వచ్చి తీసుకెళ్తారని వాచ్‌మన్‌కి అప్పజెప్పి వెళ్ళారట. ఆ తెలిసినవాళ్ళు రాలేదు. నెల తర్వాత వాచ్‌మన్ కూడా పని మానేసి ఊరెళ్ళిపోయాడు. సెల్లార్‌లో ఒక స్తంభానికి కట్టేసిన తాడు, పక్కన ఎండిపోయిన గిన్నె, టీకాల పుస్తకం. అందులో పుట్టిన సంవత్సరం 2012 అని రాసి ఉంది.

మియాపూర్ తెలిసినవాళ్ళకి ఇది కొత్త కథ కాదు. 2017 నవంబరులో ఇక్కడి నుంచి మెట్రో మొదలయ్యాక కిరాయిలు పెరిగాయి, మనుషులు పెరిగారు. హైటెక్ సిటీలో కొలువు, ఇక్కడ ఇల్లు. మూడేళ్ళు ఉంటారు, ఆన్‌సైట్ వస్తుంది, సోఫా, ఫ్రిజ్ ఓఎల్‌ఎక్స్‌లో పెట్టి వెళ్తారు. కుక్కని అలా పెట్టలేరు. పిల్ల అయితే ఎవరో ఒకరు ఎగబడతారు. పదకొండేళ్ళ కుక్కని ఎవరు అడుగుతారు?

వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాలేదు. నా కొడుకూ డాలస్‌లోనే ఉన్నాడు. వాడు వెళ్తూ ఏమేం వదిలి వెళ్ళాడో నాకు తెలుసు.

అది 2023 మార్చి. అంతకు ముందు నెలలోనే అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడిని వీధికుక్కలు చంపేశాయి. ఆ సీసీటీవీ వీడియో ఊళ్ళో ప్రతి ఫోన్‌లోకీ వచ్చింది. ఆ తల్లి కడుపుకోత ముందు కుక్కల మీద రహమ్ అంటూ మాట్లాడటానికే సిగ్గేసేది. మా కాలనీలో పిల్లలు బయట ఆడటం మానేశారు. సెల్లార్‌లో లేవలేక పడి ఉన్న బాద్‌షాని చూసి కూడా జనం రాళ్ళు ఏరుకున్నారు. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. కానీ వాడి కళ్ళలో అప్పటికే తెల్లటి పొర కమ్మింది. రాయి ఎటు నుంచి వస్తోందో కూడా వాడికి తెలియదు.

మా వారూ నేనూ ఒక మగ్రిబ్ తర్వాత వెళ్ళి తాడు విప్పాం. నాలుగు రోజులే, ఎవరైనా దొరికేదాకా అనుకున్నాం.

అమ్మీ ఊరుకోలేదు. అబ్బా ఇంతెఖాల్ తర్వాత నల్గొండ జిల్లా మా ఊరి నుంచి నేనే తీసుకొచ్చాను ఆమెని. డెబ్బై ఎనిమిదేళ్ళు. పదేళ్ళ వయసు నుంచి నమాజు ఖజా చెయ్యలేదని చెప్పుకునే మనిషి.

"ఫరిష్తాలు రాని ఇంట్లో నన్ను ఎందుకు పెట్టావ్ బేటీ?" అంది.

ఆమె అన్నది లేని మాట కాదు. కుక్క ఉన్న ఇంట్లోకి రహమత్ ఫరిష్తాలు రారని హదీసు ఉంది. వేట, పొలం, మందల కాపలా ఇలాంటి అవసరం లేకుండా కుక్కని పెంచితే రోజూ ఒక ఖీరాత్ సవాబు తగ్గుతుందని ఉంది. రెండు ఖీరాత్‌లని మరో రివాయత్. ఇవన్నీ పక్కన పెట్టి, దాహంతో బురద నాకుతున్న కుక్కకి మోజాలో నీళ్ళు తోడి పోసినవాడి గునాలు మాఫ్ అయిన బుఖారీ హదీసు ఒక్కటే ఎత్తి చూపిస్తే అది న్యాయం కాదు. రెండూ మన దీన్‌లోవే. మా ఇంట్లో పేచీ దీన్‌కీ కుక్కకీ మధ్య కాదు. దీన్‌లోని ఒక మాటకీ మరో మాటకీ మధ్య.

మా మసీదు మౌలానా సాహెబ్‌ని అడిగాం. ఆయన కోపం చెయ్యలేదు, చప్పట్లూ కొట్టలేదు. హనఫీల దగ్గర కుక్క ఒళ్ళు నజిస్ కాదు, దాని లాలాజలం నజిస్ అన్నారు. షాఫయీలు ఇంకా కఠినం, మన బార్కస్ అరబ్బుల్లో చాలామంది ఆ మస్లక్ వాళ్ళే. మాలికీలేమో కుక్క పాక్ అనే అంటారు. షౌక్ కోసం లోపల పెట్టి ముద్దు చేయడం వేరు, మీ కళ్ళ ముందు పడి ఉన్న బేజుబాన్‌ని చావకుండా చూడటం వేరు. బయట ఉంచండి, నమాజు జాగా దూరంగా ఉండాలి, గిన్నెలు వేరు, బట్టలకి తడి అంటితే ఉతకండి. నియ్యత్ సంగతి మీకూ అల్లాహ్‌కీ మధ్య. అంతే చెప్పి వెళ్ళిపోయారు. నేను ముఫ్తీని కాను, మీ ఇంటి మసలా మీ ఆలిమ్‌ని అడగండి. మాకు దొరికిన జవాబు ఇది.

అమ్మీ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు జుమా. ప్రతి జుమాకి సూరె కహఫ్ చదువుతుంది ఆమె. ఈమాన్ కాపాడుకోవడానికి గుహలో దాక్కుని 309 ఏళ్ళు నిద్రపోయిన యువకుల ఖిస్సా అందులోదే. వాళ్ళ వెంట ఒక కుక్క కూడా ఉంది, ముందరి కాళ్ళు చాపుకుని గుహ వాకిట్లో. మనవాళ్ళు దానికి ఖిత్‌మీర్ అని పేరు కూడా చెప్పుకుంటారు. చదవడం పూర్తి చేసి, కళ్ళద్దాలు మడిచి, అమ్మీ తీర్పు చెప్పింది.

"అస్‌హాబె కహఫ్ కుక్క కూడా గడప బయటే ఉంది. లోపలికి రాలేదు. మనదీ అక్కడే ఉండాలి."

'మనదీ' అంది. ఆ మాట నేను పట్టుకున్నాను, ఆమెకి గుర్తు చెయ్యలేదు.

ఇక అక్కడి నుంచి ఖిద్మత్. కుక్కపిల్లని పెంచడం నాకు తెలియదు, ముసలి కుక్కని చూసుకోవడం మాత్రం నేర్చుకున్నాను. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. టైల్స్ మీద వాటి కాళ్ళు జారతాయి, జారిన ప్రతిసారీ తుంటి నొప్పి పెరుగుతుంది. కాబట్టి గోనె సంచులు పరచాలి. చూపు తగ్గిన కుక్క దారిని గుర్తుపెట్టుకుని నడుస్తుంది. కుర్చీలు, పూలకుండీలు చోటు మార్చకూడదు. గోళ్ళు కత్తిరించకపోతే నడక చెడుతుంది. దావత్‌ల నుంచి తెచ్చిన బిర్యానీ బొక్కలు వెయ్యకూడదు, ఉడికిన బొక్క చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి వాటికి విషం. అన్నిటికన్నా ముఖ్యం, మన నొప్పి బిళ్ళలు పొరపాటున కూడా ఇవ్వకూడదు. మనకి నొప్పి తగ్గించే బిళ్ళ వాటి కిడ్నీలని, లివర్‌ని తినేస్తుంది. నీళ్ళు మామూలు కన్నా ఎక్కువ తాగుతుంటే మంచిదే కదా అనుకోకండి, రక్తపరీక్ష చేయించండి. అన్నీ కలిపి నెలకి మూడు నాలుగు వేలు ఖర్చయ్యేది మాకు. మా వారి పింఛన్లోంచి తీసి ఒక డబ్బాలో వేసేవాళ్ళం.

నాకు వాడి పని కోసం ఒక పాత నైటీ వేరే. వాడి గిన్నెకి వేరే కొళాయి. ఒకసారి వాకిట్లో ఆరబెట్టిన మా దేగ్‌చీలో మూతి పెట్టాడు. అమ్మీ మా వారిని పంపి మట్టి తెప్పించింది. ఒకసారి మట్టితో, మిగతా సార్లు నీళ్ళతో, ఏడుసార్లు లెక్కపెట్టి కడిగించింది. ఆ తర్వాత ఆ మట్టి డబ్బా కొళాయి పక్కనే ఉండిపోయింది. వాడు ప్రతిసారీ ఆ డబ్బానే వాసన చూసి వెళ్ళేవాడు.

ఆ మార్చి 24న రంజాన్ మొదలైంది. సెహరీకి మేం లేస్తే వాడూ లేచేవాడు. వాకిలి తలుపు తెరిచి ఉంచితే గడప అవతల కూర్చుని లోపలి వెలుగు వైపు చూసేవాడు. ఒక్కసారి కూడా గడప దాటలేదు. ఎవరు నేర్పారో తెలియదు. దస్తర్‌ఖాన్ మీద కూర్చున్న అమ్మీ మొదటి నివాలా తుంచే ముందు అడిగేది, "బయట ఆయనకి పెట్టావా?" అని. ఆయన! బుజుర్గ్ కదా మరి.

ఇదంతా విని అమ్మీ మనసు మారిపోయింది, కుక్కని ముద్దు చేసింది అనుకోకండి. ఒక్కరోజు కూడా తాకలేదు. తాకాలని నేనూ అడగలేదు. కానీ ఆ ఏడు వర్షాకాలంలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఇది రాయడానికి కూర్చున్నదే దాని కోసం.

పక్కింటి కోడలు గేటు దగ్గర నిలబడి అడిగింది. "ఆంటీ, ఇది అరవదు కూడా కదా, కాపలా కాయదు కదా, ఎందుకు పెట్టుకున్నారు?"

"ఏం చేస్తాం అమ్మా, పనికిరానిది అయిపోయింది. పడెయ్యలేం కదా, ఉన్నన్నాళ్ళు ఉంటుంది" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

కిటికీ లోపల అమ్మీ తస్బీహ్ తిప్పుకుంటోంది.

ఆ రాత్రి ఆకలి లేదంది. పొద్దున చూస్తే మంచం కింద ఉండే రేకు సందూక్ బయటికి వచ్చి ఉంది. రెండు చీరలు, ఖురాన్ షరీఫ్, అబ్బా చేతిగడియారం అందులో సర్ది ఉన్నాయి.

"నన్ను ఊళ్ళో దింపు. తాళం వేసిన ఇల్లు ఎలకల పాలవుతోంది."

"ఏమైంది అమ్మీ?"

"ఏం కాలేదు. పనికిరాకుండా, ఉన్నన్నాళ్ళు ఉండటం నా చేతకాదు."

నాకు కలేజా చిక్కబట్టినట్టయింది. "అమ్మీ, నేను కుక్క సంగతి అన్నాను."

"తెలుసు. కుక్క సంగతే అన్నావ్. మాటకి గడప ఉండదు బేటీ."

ఆమె చేతులతో పెట్టిన ఆవకాయ తిన్న ఇల్లు మాది. నా ఇద్దరు పిల్లల పురుళ్ళు పోసిన చేతులవి. మియాపూర్ వచ్చాక ఆ చేతులకి పని లేకుండా చేసింది నేనే. కూర్చో అమ్మీ, నేను చేస్తాను అమ్మీ, నీకెందుకు అమ్మీ. అది ఖిద్మత్ అనుకున్నాను. ఆమెకి వినబడింది వేరే.

మాఫీ అడిగాను. మాఫ్ చేశానంది, సందూక్ మాత్రం లోపల పెట్టలేదు. ఏం చెప్పాలో తోచక జంతువుల హక్కుల మీద దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. అప్పుడు దొరికాడు ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్. డమాస్కస్‌లో పుట్టి, 1262లో కైరోలో వఫాత్ అయిన షాఫయీ ఆలిమ్. 'సుల్తానుల్ ఉలమా' అని ఆయన లఖబ్. ఖవాయిదుల్ అహ్‌కామ్ అనే తన కితాబులో మనిషి మీద జంతువులకి ఉన్న హక్కుల జాబితా రాశాడు. మోయలేని బరువు వెయ్యకూడదు, హాని చేసేవాటితో కలిపి కట్టెయ్యకూడదు, పడుకునే చోటు మంచిగా ఉంచాలి... ఆ జాబితాలో మొదట్లోనే ఉన్నది ఇది: దాని తిండికి ఖర్చు పెట్టాలి, అది ముసలిదైపోయినా, జబ్బుపడి దానివల్ల మనకి ఏ ఫాయిదా లేకపోయినా సరే.

ఏడున్నర శతాబ్దాల క్రితం రాసిన మాట ఇది. మనమేమో మొన్నటి దాకా ఇంకోలా ఉన్నాం. మన ఫౌజులో పనిచేసిన కుక్కలు డ్యూటీకి పనికిరాకుండా అయితే వాటికి ప్రాణం తీసే సూది వేస్తారని 2015లో ఒక ఆర్టీఐ జవాబులో బయటపడింది. బాంబులు వాసన పట్టి జవాన్లని కాపాడిన కుక్కలవి. గొడవ అయ్యి, కోర్టు దాకా వెళ్ళాక గానీ ఆ పద్ధతి మార్చుకుంటామని సర్కారు చెప్పలేదు. 2019లో కేరళ పోలీసులు త్రిస్సూర్‌లో రిటైరైన పోలీసు కుక్కల కోసం విశ్రాంతి అనే పేరుతో ఒక ఇల్లు కట్టారు. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోలో 2007 నుంచి మట్‌విల్ అనే సంస్థ ముసలి కుక్కలకే ఇళ్ళు వెతికి పెడుతోంది. అంటే మనుషులు మెల్లగానైనా ఆ హక్కు దగ్గరికే వస్తున్నారు. అది మన కితాబుల్లో ఎప్పటి నుంచో ఉంది, మనమే తెరిచి చూడలేదు.

ఆ సాయంత్రం అమ్మీ పక్కన కూర్చుని ఇది చెప్పాను. ఒంటె ఖిస్సా ఆమెకి ముందే తెలుసు. ఒక అన్సారీ తోటలో ఒంటె హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్‌ని చూసి కన్నీళ్ళు పెట్టుకుంటే, ఆయన దాని చెవుల వెనక నిమిరి, నువ్వు దీన్ని ఆకలితో మాడ్చి పనితో అలవగొడుతున్నావని నాతో షికాయత్ చేసిందని యజమానికి చెప్పారని. ఇబ్న్ అబ్దుస్సలామ్ సంగతి మాత్రం కొత్త. రెండుసార్లు చెప్పించుకుంది.

"ఫాయిదా లేకపోయినా అని రాశాడా?"

"అలాగే రాశాడు అమ్మీ."

"దయ తలిచి పెట్టండి అన్నాడా, హక్కు అన్నాడా?"

"హక్కు అన్నాడు."

కాసేపు తస్బీహ్ పూసలు కదలలేదు. "ఆ మాట రాసేనాటికి ఆయన ముసలివాడై ఉంటాడు" అని నవ్వింది.

సందూక్ మంచం కిందికి వెళ్ళింది. నా మాఫీకి కాదు. హక్కు అన్న ఒక్క మాటకి. దయ మీద బతకడం ఆమెకి నచ్చలేదు, బాద్‌షాకీ నచ్చి ఉండదు. మర్నాటి నుంచి బియ్యం ఏరడం, కొత్తిమీర తుంచడం ఆమె ముందుకి నెట్టాను. వాడికి మందు వేసే టైము గుర్తు చెయ్యడం కూడా ఆమె పనే అయింది. "దాని నొప్పీ నా నొప్పీ ఒకటే, నాకు గుర్తుంటుంది" అంది.

2024 డిసెంబరులో వాడి కిడ్నీలు పూర్తిగా పాడయ్యాయి. గిన్నె వైపు చూడటం మానేశాడు. డాక్టర్ మెల్లగా సూది మాట ఎత్తారు. ఏం చెప్పాలో తెలియక, మౌలానా సాహెబ్‌ని అడుగుదామా అనుకుంటూ ఒక రాత్రి గడిపాం. చలి ఎక్కువగా ఉంది. అమ్మీ తన పాత రజాయి తెచ్చి గడప ఇవతలి నుంచే నా చేతికిచ్చింది. "నాకు బరువైపోయింది, కప్పు" అంది. తెల్లారి వజూ నీళ్ళ చప్పుడుకి తల ఎత్తలేదు.

శంకర్‌పల్లి వైపు మా తమ్ముడి చేనులో లోతుగా గొయ్యి తీసి పూడ్చాం. తిరిగొచ్చాక అమ్మీని అడిగాను, ఏమైనా చదవాలా అని.

"దానికేం చదువుతావ్? మనలాంటి హిసాబ్ దానికి లేదు. హిసాబ్ మనకి" అంది. ఆ రోజు రెండు రకాతుల నఫిల్ మాత్రం ఎక్కువ చదువుకుంది. ఎవరి కోసమో చెప్పలేదు.

ఇక పెట్టుకోకూడదనే అనుకున్నాం. ముసలి కుక్కని తెచ్చుకోవడం అంటే చావుకి ముందే తారీఖు ఇచ్చి పిలిచినట్టు. కానీ నిరుడు ఆగస్టు, అంటే 2025లో, కుక్కల మీద దేశమంతా మళ్ళీ గొడవ. ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టాలని 11వ తారీఖున సుప్రీంకోర్టు అంది. 22న దాన్ని మార్చి, ఆపరేషన్, టీకాలు అయినవాటిని పట్టిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటినీ మీద పడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దని చెప్పింది. ఆ రోజుల్లోనే, బాద్‌షా మందుల అప్పుడు పరిచయమైన రెస్క్యూ అమ్మాయి ఫోన్ చేసింది. చెవి కొస కత్తిరించిన ఒక ముసలి దేశీ ఆడకుక్క ఉంది, ఆపరేషన్ అయిందనడానికి అదే గుర్తు, పళ్ళు సగం లేవు, మూడేళ్ళుగా షెల్టర్లో ఉంది, ఒక్కరూ అడగలేదు అని.

నేను ఫోన్ పట్టుకుని ఊరికే నిలబడ్డాను. లోపలి నుంచి అమ్మీ గొంతు, "ఆ గోనె సంచులు పారేశావా ఏంటి?"

పారెయ్యలేదు.

అందరూ కుక్కని తెచ్చుకోండి అని నేను చెప్పడం లేదు. ఇంట్లో పసిపిల్లలుంటే, ఎవరికైనా భయముంటే, మనసు ఒప్పకపోతే వద్దు. మీ గల్లీ చివర ఒక మట్టి గిన్నెలో నీళ్ళు పోసి పెట్టినా ఆ దాహం హదీసులో మీకు వంతు ఉంటుంది. తెచ్చుకునేవాళ్ళు మాత్రం షెల్టర్‌కి వెళ్ళినప్పుడు గంతులేసే పిల్లల్ని దాటి, మూలకి పడుకున్నవాటిని కూడా ఒక్కసారి చూడండి. వాటికి మీరు ఇవ్వాల్సింది పదిహేనేళ్ళు కాదు. ఏడాదో రెండేళ్ళో. ఒక నీడ, మెత్తటి అన్నం, ఎవరూ రాయి విసరని నిద్ర.

ఇవాళ జుమా. లోపల అమ్మీ సూరె కహఫ్ చదువుతోంది. చూపు తగ్గింది కాబట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది. బయట రాణీ ముందరి కాళ్ళు చాపుకుని పడుకుంది. ఇద్దరికీ మధ్య గడప ఉంది. నేను గడప మీద కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఏరడం అమ్మీ పనే, ఇవాళ కళ్ళు నొప్పని నాకిచ్చింది.

మా ఇంటి బుజుర్గులిద్దర్నీ మీ దువాల్లో యాద్ పెట్టుకోండి.